64 కిలోబైట్ల పాఠకుడి కోసం

1982లో వచ్చిన కమొడోర్ 64ను ఇవాళ ఇంటర్నెట్‌కు కలపడం అసాధ్యమేమీ కాదు. వెనక ఈథర్‌నెట్ కార్ట్రిడ్జ్ తగిలించి, బ్రౌజర్ ప్రోగ్రామ్ లోడ్ చేసి, ఏదో ఒక సైటు చిరునామా కొడితే అవతలి సర్వర్ బదులిస్తుంది కూడా. ఆ బదులు దాదాపు ఎప్పుడూ ఒకటే: 301, అంటే ఈ పేజీ శాశ్వతంగా వేరే చోటికి మారిపోయింది. మారిన చోటు ఏదని చూస్తే అదే చిరునామా, అదే పేజీ. ముందున్న హెచ్‌టీటీపీ మాత్రం హెచ్‌టీటీపీఎస్ అయింది. ఆ చివరి ‘ఎస్’ వెనకున్న తాళం తీయడం ఆ యంత్రం వల్ల కాదు. ప్రయాణం అక్కడే ఆగిపోతుంది. పేజీలో బొమ్మలెన్ని, జావాస్క్రిప్ట్ ఎంత, అక్షరాలు ఏ సైజులో ఉన్నాయి అన్న ప్రశ్నల దాకా అది రానే లేదు.

1970ల చివరి నుంచి 1990ల మొదలు దాకా ఇళ్లలోకి వచ్చిన కంప్యూటర్లను బాగుచేసుకుంటూ, కెపాసిటర్లు మార్చుకుంటూ, ఇప్పటికీ వాడుకుంటున్నవాళ్లు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరు కొత్త నెట్‌వర్క్ పరికరాలు తయారుచేస్తారు, కొందరు బ్రౌజర్లు రాస్తారు, కొందరు ఆ యంత్రాల కోసమే సైట్లు కడతారు. ఈ యంత్రాలకు వెబ్ ఎలా అందాలన్న విషయంలో వాళ్ల ప్రయత్నాలు మూడు దారుల్లో సాగాయి. పేజీ రాసేవాళ్లే అవి చదవగలిగేలా రాయాలన్నది ఒక దారి. రాసేవాళ్ల జోలికి పోకుండా, మధ్యలో ఒక సర్వర్‌ను నిలబెట్టి పేజీని విప్పి, తేలిక చేసి అందించాలన్నది రెండోది. వెబ్‌ను వదిలేసి గోఫర్ లాంటి చిన్న పద్ధతులకు మళ్లాలన్నది మూడోది. మూడింటిలోనూ మంచి పని జరిగింది. అయినా నా మొగ్గు మొదటి దారి వైపే. పాత యంత్రానికి సైటు కట్టడమంటే పేజీ అందాన్ని బలిపెట్టడమని చాలామంది అనుకుంటారు. నిజానికి పేజీలో చేయాల్సిన మార్పులు తక్కువ. అసలు అడ్డంకి సర్వర్ అమరికలో ఉంది, దాన్ని తీయడం సైటు యజమాని చేతిలోనే ఉంది.

ఏ యంత్రం, ఎంత తెర

అన్ని పాత కంప్యూటర్లనూ ఒకే గాట కట్టి మాట్లాడితే పొరపాటు పడతాం. 1977 నాటి ఆపిల్ 2 తెర మీద ఒక లైనుకు 40 అక్షరాలు. దాని మొదటి మోడళ్లలో ఇంగ్లిషు చిన్నబడి అక్షరాలే లేవు. జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌లో లైనుకు 32 అక్షరాలే పడతాయి. కమొడోర్ 64 తెర 40 అక్షరాల చొప్పున 25 లైన్లు, అంటే నిండా రాస్తే సరిగ్గా వెయ్యి అక్షరాలు. దాని ప్రాసెసర్ వేగం సుమారు ఒక మెగాహెర్ట్జ్. 64 కిలోబైట్ల మెమరీ అని పేరే గానీ, ఆన్ చేయగానే బేసిక్‌కు 38911 బైట్లు ఖాళీ ఉన్నాయని తెర మీదే రాసి చూపిస్తుంది. మన దేశంలో ఈ తరం యంత్రం చాలామందికి బడిలో పరిచయమైంది. 1984లో మొదలైన క్లాస్ పథకం కింద ప్రభుత్వం బడులకు ఇచ్చింది బ్రిటన్‌లో పుట్టిన బీబీసీ మైక్రో. దాని టెలిటెక్స్ట్ మోడ్‌లోనూ అవే 40 అక్షరాలు, 25 లైన్లు.

దీని పై మెట్టు 16 బిట్ల యంత్రాలది. అటారీ ఎస్‌టీ, అమీగా, మెకింటాష్. 1986 నాటి మెకింటాష్ ప్లస్ తెర 512 చుక్కల వెడల్పు, 342 ఎత్తు. నలుపూ తెలుపూ తప్ప మధ్యలో బూడిద రంగు కూడా లేదు. వీటికి 1990లలో నిజమైన బ్రౌజర్లే వచ్చాయి: మెక్‌కు మెక్‌వెబ్, నెట్‌స్కేప్; అమీగాకు ఏమొజాయిక్, ఐబ్రౌజ్, ఏవెబ్; అటారీకి క్యాబ్. ఇక డాస్ పీసీల సంగతి వేరు. మైకేల్ బ్రుట్‌మన్ రాసిన ఎమ్‌టీసీపీ వల్ల 4.77 మెగాహెర్ట్జ్ 8088 చిప్ ఉన్న మొదటి తరం పీసీ కూడా ఈథర్‌నెట్ మీద మాట్లాడుతుంది. అదే చిప్ మీద నడిచే మైక్రోవెబ్ అనే బ్రౌజర్ ఇటీవలి కాలంలోనే పుట్టింది.

ఎనిమిది బిట్ల యంత్రాల విషయంలో మలుపు తిప్పింది స్వీడన్‌కు చెందిన ఆడమ్ డంకెల్స్. చిన్న చిప్‌ల మీద పూర్తి ఇంటర్నెట్ ప్రోటోకాల్ నడవదన్న నమ్మకాన్ని ఆయన యూఐపీ అనే అతి చిన్న ప్రోగ్రామ్‌తో తోసేశారు. దాని మీద కట్టిన కాంటికీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో 2000ల మొదట్లో కమొడోర్ 64కు బ్రౌజరూ వచ్చింది, వెబ్ సర్వరూ వచ్చింది. ఆ బ్రౌజర్ పేజీ మొత్తాన్ని మెమరీలో దాచుకుని తర్వాత తీరిగ్గా అమర్చే రకం కాదు. వచ్చిన అక్షరాన్ని వచ్చినట్టే చదివి తెర మీద పెట్టేస్తుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే పేజీ ఎలా రాయాలో సగం అర్థమైపోతుంది. ముందు పంపిందే ముందు కనిపిస్తుంది. వెనక వచ్చే దాన్ని బట్టి ముందుదాన్ని సర్దుకునే వీలు ఆ యంత్రానికి లేదు.

వేగం లెక్క కూడా ఒకటి చూద్దాం. ఈథర్‌నెట్ లేకుండా పాత సీరియల్ దారిలో, 2400 బిట్ల వేగంతో కలిపితే సెకనుకు సుమారు 240 అక్షరాలు వస్తాయి. తెర నిండడానికి నాలుగు సెకన్ల పైచిలుకు, చదివే మనిషికి అది సరిపోయే వేగమే. ఇవాళ్టి సగటు వెబ్ పేజీ రెండు మెగాబైట్లు దాటింది. అదే దారిలో ఆ పేజీ రావాలంటే రెండు గంటల పైనే పడుతుంది.

తెలియనిది వదిలేయ్

వెబ్ పుట్టినప్పుడు ఈ ఇబ్బంది లేదు. సెర్న్‌లో టిమ్ బెర్నర్స్ లీ రాసిన మొదటి బ్రౌజర్ నెక్స్ట్ అనే ఖరీదైన యంత్రం మీదే నడిచేది. అది ఉన్నవాళ్లు ఎంతమందని? అందుకే అక్కడ విద్యార్థినిగా ఉన్న నికోలా పెలో చేత లైన్ మోడ్ బ్రౌజర్ రాయించారు. బొమ్మల్లేవు, మౌస్ లేదు. లింకుల పక్కన అంకెలుంటాయి, ఆ అంకె కొడితే ఆ పేజీ వస్తుంది. అక్షరాలు చూపించగల ఏ టెర్మినల్ మీదైనా అది పనిచేసేది. 1993లో మొజాయిక్ బ్రౌజర్ రాకముందు సెర్న్ బయట చాలామంది వెబ్‌ను చూసింది ఇలాంటి అక్షరాల తెర మీదే. అంటే బలహీనమైన యంత్రానికి చోటు ఇవ్వడం ఈ వెబ్‌కు తర్వాత అతికించిన దయ కాదు, మొదటి ఏడాదిలోనే ఉన్న నియమం.

ఆ నియమం ప్రమాణాల్లోకి కూడా ఎక్కింది. 1995 నవంబరులో వెలువడిన హెచ్‌టీఎమ్ఎల్ 2.0 పత్రం ప్రకారం, బ్రౌజర్‌కు తెలియని ట్యాగ్ ఎదురైతే ఆ ట్యాగ్‌ను లేనట్టే వదిలేసి లోపలి రాతను చూపించాలి. నాకు ఈ వాక్యమే వెబ్ రాజ్యాంగంలా కనిపిస్తుంది. 2014 నాటి హెచ్‌టీఎమ్ఎల్5లో వచ్చిన ఆర్టికల్, సెక్షన్, నావ్ ట్యాగ్‌లను 1995 బ్రౌజర్ ముందు పెట్టినా లోపలి వ్యాసం చక్కగా కనబడేది ఇందువల్లే. కొత్త ట్యాగ్‌లు వాడకూడదని పాత కంప్యూటర్ల అభిమానులు కొందరు పట్టుబడతారు. అంత నియమం అవసరం లేదు. శీర్షికలకు శీర్షిక ట్యాగ్, పేరాలకు పేరా ట్యాగ్, జాబితాలకు జాబితా ట్యాగ్ వాడితే చాలు, చుట్టూ ఎన్ని కొత్త ట్యాగ్‌లున్నా పాత బ్రౌజర్ వాటిని దాటుకుని పోతుంది.

అయితే ఇందులో ఒక చిక్కుంది. తెలియని ట్యాగ్‌ను వదిలేసి లోపలి రాతను చూపించమంటే, పేజీ రూపురేఖలు చెప్పే సీఎస్ఎస్ తెలియని బ్రౌజర్ స్టైల్ ట్యాగ్ లోపలి రాతను కూడా చూపించేస్తుంది. వ్యాసం మొదలవడానికి ముందే రంగుల కోడ్‌లు, అంచుల కొలతలు తెర మీద పారతాయి. స్క్రిప్ట్ విషయమూ అంతే. 1990ల వెబ్ డిజైనర్లు అందుకే స్టైల్, స్క్రిప్ట్‌లను కామెంటు గుర్తుల మధ్య దాచేవారు. ఇంకా మేలైన పద్ధతి వాటిని వేరే ఫైల్‌లో పెట్టి లింకు ఇవ్వడం. ఆ లింకు ట్యాగ్‌ను పాత బ్రౌజర్ పట్టించుకోదు. నెట్‌స్కేప్ 4 మాత్రం మధ్యరకం. సీఎస్ఎస్ తెలుసనుకుంటుంది, సగం తప్పుగా చేస్తుంది. దానికి ఇంపోర్ట్ ఆదేశం తెలియదు కాబట్టి అసలు స్టైల్‌ను ఆ ఆదేశం వెనక పెడితే దాని కంట పడదు. ఇరవై ఏళ్ల కింద ప్రతి డిజైనర్‌కూ తెలిసిన కిటుకు ఇది, ఇప్పటికీ పనిచేస్తుంది.

తాళం సంగతి

ఇక అసలు అడ్డంకి. హెచ్‌టీటీపీఎస్ ఎందుకు వచ్చిందో పాత కంప్యూటర్ల ప్రేమికులు ఒక్కోసారి మరిచిపోతారు. తాళం లేని పేజీని దారి మధ్యలో ఎవరైనా చదవచ్చు, మార్చనూ వచ్చు. 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాల తర్వాత ఈ భయం అందరికీ పాకింది. మన దేశంలోనే 2015లో ఒక మొబైల్ సంస్థ వినియోగదారులు తెరిచే పేజీల్లోకి తన స్క్రిప్ట్‌ను చొప్పిస్తోందని బయటపడి పెద్ద గొడవైంది. అదే ఏడాది చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 2018 జులై నుంచి క్రోమ్ బ్రౌజర్ తాళం లేని ప్రతి సైటునూ సురక్షితం కాదని చూపిస్తోంది. ఆ తాళం వేసే టీఎల్ఎస్ పద్ధతి 1.0, 1.1 వెర్షన్లను 2021 మార్చిలో అధికారికంగా పక్కన పెట్టేశారు. ఈ మార్పులన్నీ జనం మేలుకే జరిగాయి. బ్యాంకు పని, పాస్‌వర్డ్, ఉత్తరం, ఆరోగ్యం గురించి వెతుకులాట, వీటిలో ఏదీ తాళం లేకుండా నడవకూడదు. దీన్ని నేను గట్టిగానే నమ్ముతాను.

దాని ఫలితమేమిటంటే 2000ల మొదట్లోని బ్రౌజర్లు కూడా ఇప్పుడు చాలా సైట్లను తెరవలేవు. ఒక మెగాహెర్ట్జ్ ఎనిమిది బిట్ల చిప్ సంగతి చెప్పేదేముంది? తాళం తీయడానికి వందల బిట్ల పొడవున్న సంఖ్యలను వేలసార్లు గుణించాలి. ఆ చిప్‌కు గుణకారం చేసే ఆదేశమే లేదు. కూడికలతో, బిట్లను పక్కకు జరపడంతో నెట్టుకొస్తుంది.

ఈ ముడి విప్పడానికి మంచి మార్గం ఒకటి ప్రమాణాల్లోనే ఉంది. అది తెలిసినవాళ్లు తక్కువ. ఇప్పటి బ్రౌజర్లు తాళం లేని చిరునామాకు వెళ్లేటప్పుడు ‘అప్‌గ్రేడ్ ఇన్‌సెక్యూర్ రిక్వెస్ట్స్’ అనే హెడర్‌ను 1 అనే విలువతో పంపుతాయి. తాళం ఉన్న పేజీ ఉంటే నాకు అదే ఇవ్వు అని దాని అర్థం. పాత బ్రౌజర్‌కు ఆ హెడర్ తెలియదు, పంపదు. కాబట్టి సర్వర్‌లో అందరినీ కళ్లు మూసుకుని హెచ్‌టీటీపీఎస్‌కు తోసేసే బదులు, ఆ హెడర్ పంపినవాళ్లనే తోయమని రాస్తే సరిపోతుంది. ఎన్‌జిన్ఎక్స్‌లోనో అపాచీలోనో ఇది రెండు మూడు లైన్ల పని. కొత్త ఫోన్‌లో చూసేవాడికి తాళం ఉన్న పేజీ, మెకింటాష్ ప్లస్‌లో చూసేవాడికి తాళం లేని అదే పేజీ. రెండు సైట్లు కట్టక్కర్లేదు. ఇందుకు ఒప్పుకోదగిన షరతు ఒక్కటే: తాళం లేని వైపు చదువుకునే పేజీలే ఉండాలి. లాగిన్, ఫారాలు, కుకీలు ఆ వైపు ఉండకూడదు.

గుమ్మం తెరిచాక కూడా ఇంకొన్ని చిన్న చిన్న గడియలు మిగులుతాయి. పేజీలోని లింకులన్నీ హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే పూర్తి చిరునామాలైతే, మొదటి పేజీ వచ్చినా రెండో పేజీ దగ్గర మళ్లీ తలుపు పడుతుంది. సైటు లోపలి లింకులను సాపేక్షంగా, అంటే ఫైల్ పేరుతోనే రాయాలి. ఒకే ఐపీ చిరునామా మీద అనేక సైట్లు ఉండే హోస్టింగ్‌లో, ఏ సైటు కావాలో హోస్ట్ హెడర్ చెబుతుంది. అది హెచ్‌టీటీపీ 1.1లో తప్పనిసరి అయింది. మొజాయిక్ కాలపు బ్రౌజర్లకు ఆ హెడర్ తెలియదు, అందుకని పక్కవాడి సైటు వస్తుంది, లేకపోతే హోస్టింగ్ సంస్థ పేజీ వస్తుంది. తనకంటూ ఒక ఐపీ ఉన్నవాడికే ఈ సమస్య పూర్తిగా తీరుతుంది. అలాగే హెచ్‌టీటీపీ 1.0లో అడిగిన బ్రౌజర్‌కు పేజీని ముక్కలు ముక్కలుగా పంపకూడదు, కుదించి పంపకూడదు. మంచి సర్వర్లు ఇది చూసుకుంటాయి. సర్వర్ ముందు అతికించిన సేవలు ఒక్కోసారి చూసుకోవు.

పేజీలో ఏం చేయాలి

40 అక్షరాల తెర మీద మొదట దెబ్బ కొట్టేది మెనూ. ఒక వార్తాసైటు పైన 40 లింకుల వరస ఉందనుకోండి. పెద్ద తెర మీద అది సన్నని పట్టీ. కాంటికీలో ఒక్కో లింకు ఒక్కో లైను పడితే తెర మీద ఒకటిన్నర పేజీ దాటాక గానీ వార్త మొదలవదు. అందుకని శీర్షిక ముందు, వ్యాసం తర్వాత, మెనూ అన్నిటికన్నా చివర. పెద్ద తెరల మీద మెనూను పైకి ఎక్కించడం సీఎస్ఎస్ చూసుకుంటుంది. పైన ‘మెనూకు’ అని ఒక్క లింకు ఉంటే చాలు. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్లకు కూడా ఈ వరసే హాయి. పేజీని చెవితో చదివేవాళ్లకూ 40 అక్షరాల తెర మీద చదివేవాళ్లకూ కావాల్సినవి ఇంత దగ్గరగా ఉండడం ఆశ్చర్యమేమీ కాదు. ఇద్దరికీ పేజీ ఒక పొడవాటి తాడులా అందుతుంది, ఎగాదిగా ఒక్కసారి చూసే వీలుండదు.

టేబుళ్లతో పేజీని అమర్చడం 1990ల రెండో సగంలో రాజ్యమేలింది. ఆ కాలపు రూపం కావాలని ఇవాళ కొందరు పాత కంప్యూటర్ల కోసం కట్టే సైట్లలో మళ్లీ అదే వాడుతున్నారు. నాకిది నచ్చదు. 1995లో నెట్‌స్కేప్ 1.1కు టేబుల్ తెలుసు, కాంటికీకి తెలియదు. తెలిసిన బ్రౌజర్‌లో కూడా టేబుల్ లోపల టేబుల్ పెడితే మొత్తం దిగేదాకా ఏమీ కనబడదు. నెమ్మదైన యంత్రం మీద ఆ ఎదురుచూపు భరించడం కష్టం. అంకెల పట్టికకు టేబుల్ వాడండి. అదీ చిన్నదిగా, లైను వారీగా చదివినా అర్థమయ్యేలా. పేజీ అమరికకు వద్దు.

బొమ్మల విషయంలో మాట తక్కువే. 1987లో కంప్యూసర్వ్ తెచ్చిన జిఫ్‌ను బొమ్మలు చూపే ప్రతి పాత బ్రౌజర్ గుర్తిస్తుంది. 1996లో వచ్చిన పీఎన్‌జీని అంతకు ముందరివి గుర్తించవు. వెబ్‌పీ సంగతి అడగనే అక్కర్లేదు. వెడల్పు 500 చుక్కలు దాటకుండా, రంగులు తగ్గించి, ట్యాగ్‌లో వెడల్పు ఎత్తు రాసి ఇస్తే బొమ్మ దిగేలోపు అక్షరాలు తమ చోట్లలో కుదురుకుంటాయి. బొమ్మ బదులు చదివే ఆల్ట్ రాత తప్పకుండా ఉండాలి. ఎనిమిది బిట్ల యంత్రానికి ఆ బొమ్మంటే ఆ రాతే.

అక్షరాలు మాత్రం నిలబడి చూడాల్సిన చోటు. ఇంగ్లిషు వ్యాసంలో వంపు తిరిగిన అపాస్ట్రఫీ ఒకటి ఉంటుంది. యూటీఎఫ్-8లో అది మూడు బైట్లు. పాత విండోస్ బ్రౌజర్‌లో ఆ మూడు బైట్లూ మూడు వేరువేరు గుర్తులై, యూరో గుర్తుతో సహా, పదం మధ్యలో ప్రత్యక్షమవుతాయి. పాత మెక్‌లో ఇంకో మూడు గుర్తులు. ఒక పేరాలో అలాంటివి పది ఉంటే చదివేవాడు విసుగెత్తి లేస్తాడు. మందు చాలా సులువు: తిన్నని అపాస్ట్రఫీ, మామూలు కొటేషన్, మామూలు అడ్డగీత. ఆస్కీ పరిధిలోని ఈ గుర్తులు ప్రతి యంత్రానికీ తెలుసు. కమొడోర్‌కు తనదైన పెట్‌స్కీ వరస ఉన్నా, దాని బ్రౌజర్ ఆస్కీని మార్చుకుంటుంది. పేజీ మొత్తం ఆస్కీలోనే ఉంటే అది యూటీఎఫ్-8 కూడా అవుతుంది కాబట్టి కొత్త బ్రౌజర్‌కు తేడా రాదు. కంటెంట్ టైప్ హెడర్‌లో క్యారెక్టర్ సెట్ పేరు చేరిస్తే తికమకపడే అతిపాత బ్రౌజర్లు ఉండేవని హెచ్‌టీటీపీ ప్రమాణ పత్రమే చెప్పింది. వాటి కోసం ఆ వివరాన్ని పేజీ లోపలి మెటా ట్యాగ్‌లో పెట్టవచ్చు.

ఇవన్నీ చేశాక పరీక్షించడానికి పాత యంత్రం కొనక్కర్లేదు. ముందు లింక్స్‌లో తెరవాలి. 1992లో కాన్సస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ అక్షరాల బ్రౌజర్ ఇంకా బతికే ఉంది. తర్వాత కమొడోర్‌కు వైస్, పాత మెక్‌కు మినీ వీమ్యాక్, పీసీకి డాస్‌బాక్స్ లాంటి ఎమ్యులేటర్లు. ఎమ్యులేటర్‌ను అసలు వేగానికే కట్టేసి చూడడం మరిచిపోవద్దు. వేగం వదిలేస్తే ప్రతి పేజీ బాగానే ఉన్నట్టుంటుంది.

మధ్యవర్తులు

రెండో దారి నుంచి వచ్చిన పనిముట్లు ఇవాళ బాగా వాడుకలో ఉన్నాయి. యాక్షన్ రెట్రో అనే యూట్యూబ్ చానెల్ నడిపే ఆయన తయారుచేసిన ఫ్రాగ్‌ఫైండ్, డక్‌డక్‌గో ఫలితాలను తెచ్చి, నొక్కిన పేజీలోంచి వ్యాసాన్ని మాత్రం వేరుచేసి సాదా హెచ్‌టీఎమ్ఎల్‌లో ఇస్తుంది. ఆయనదే అయిన 68కె న్యూస్ వార్తలకు అదే పని చేస్తుంది. వెబ్‌వన్ అనే ప్రాక్సీ తాళాలు విప్పి, అక్షరాలు మార్చి పంపుతుంది. వెబ్ రెండరింగ్ ప్రాక్సీ ఇంకో అడుగు ముందుకు వేసింది. పేజీని తనే ఆధునిక బ్రౌజర్‌లో తెరిచి, ఫొటో తీసినట్టు జిఫ్ చేసి ఇస్తుంది. ఆ బొమ్మ మీద నొక్కిన చోటు తిరిగి దానికి చేరుతుంది, అది అసలు పేజీలో నొక్కుతుంది. బొమ్మలు చూపగల 1990ల బ్రౌజర్‌లో కూడా ఇవాళ్టి సైటు కదలాడేది ఇలాగే. అటారీ అభిమానులు మొదలుపెట్టిన ఫ్యూజీనెట్ పరికరమైతే తాళం తీసే పనిని ఈఎస్‌పీ32 చిప్‌కు అప్పజెప్పి, తెరిచిన రాతను అటారీకి ఇస్తుంది. క్యామెరన్ కైజర్ రాసిన క్రిప్టో ఏన్షియెన్ టీఎల్ఎస్‌ను పాత యంత్రాల మీదే నడిపే ప్రయత్నం. 1990ల వర్క్‌స్టేషన్లకు అది ఆయువు పోసింది.

ఇవి లేకపోతే పాత కంప్యూటర్‌తో వెబ్‌లో తిరగడం దాదాపు కుదరదు. వాటిని రాసినవాళ్లంటే నాకు గౌరవం. అయినా వాటి మీదే ఆధారపడడం నాకు ఇష్టం లేదు. మధ్యవర్తి ఏది వ్యాసమో ఏది కాదో ఊహించుకుంటాడు. కథనాల్లో ఆ ఊహ నిలబడుతుంది. పట్టికల్లో, పద్యాల లైన్ల విరుపుల్లో, వంటల కొలతల్లో తప్పుతుంది. పైగా ఈ సేవలన్నీ ఒకరిద్దరి సొంత శ్రమతో, సొంత ఖర్చుతో నడిచేవి. వాళ్లు అలిసిపోతే ఆ దారి మూసుకుపోతుంది. అన్నిటికన్నా పెద్ద తేడా ఏమిటంటే, తాళం విప్పేది తనే కాబట్టి మీరు చదివేదంతా మధ్యవర్తికి తెలుస్తుంది. సొంత ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీదో రాస్ప్‌బెరీ పై మీదో నడుపుకునే ప్రాక్సీకి ఈ భయం లేదు, అదే మంచిది.

మూడో దారి గోఫర్. 1991లో మినసోటా విశ్వవిద్యాలయంలో పుట్టింది. మెనూ, అక్షరాల ఫైల్, అంతే. మెనూ లైను 70 అక్షరాల లోపు ఉంచమని దాని పత్రం సూచిస్తుంది. ఎనిమిది బిట్ల యంత్రానికి ఇంతకన్నా అనువైనది లేదు, బ్రౌజర్ కూడా చాలా చిన్న ప్రోగ్రామ్‌తో సరిపోతుంది. 1993లో ఆ విశ్వవిద్యాలయం సర్వర్‌కు రుసుము అడిగింది. అదే ఏడాది ఏప్రిల్ 30న సెర్న్ వెబ్‌ను అందరికీ ఉచితంగా వదిలేసింది. జనం ఎటు వెళ్లారో తెలిసిందే. ఇప్పటికీ నడుస్తున్న గోఫర్ సర్వర్లున్నాయి, వాటిలో రాసేవాళ్లూ ఉన్నారు. 2019లో వచ్చిన జెమినీ కూడా ఇదే కోవకు చెందిందని చాలామంది చెబుతారు. తేలికగా ఉండడంలో నిజమే. కానీ అది టీఎల్ఎస్‌ను తప్పనిసరి చేసింది. దాంతో తేలికైన పేజీ బరువైన తాళం వెనక చేరింది. కమొడోర్‌కు ఆధునిక వెబ్ ఎంత దూరమో జెమినీ కూడా అంతే దూరం. సైటు ఉన్నవాడు అదే రాతను గోఫర్‌లో కూడా పెడితే మేలే గానీ, చదివేవాళ్లు వెతుక్కుంటూ వచ్చే చోటు వెబ్ చిరునామాయే.

తెలుగు పేజీ సంగతి

ఇంతవరకూ చెప్పిందంతా ఇంగ్లిషు రాతకు. తెలుగుకు వచ్చేసరికి లెక్క మారుతుంది. యూనికోడ్‌లో తెలుగు 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే ఉంది. యూటీఎఫ్-8లో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు సంకేతాలు, 18 బైట్లు. బైట్ల బరువు ఒక సమస్య అయితే, ఆ ఆరింటినీ ఒత్తులతో సహా ఒక రూపంగా పేర్చడం అంతకన్నా పెద్ద సమస్య. ఆ పని విండోస్‌లో 2001 నాటి ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాకే మామూలు వాడుకరికి అందింది. అంతకు ముందు ఒక్కో పత్రిక సైటు ఒక్కో సొంత ఫాంటు. అది దించుకోకపోతే పేజీ నిండా అర్థం లేని ఇంగ్లిషు గుర్తులు కనబడేవి. ఆ రోజుల్లో పత్రిక చదివినవాళ్లకు పాత కంప్యూటర్ బాధ వేరే చెప్పక్కర్లేదు.

ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు గడిలో ఇంగ్లిషు అక్షరం ఇమిడిపోతుంది. తెలుగుకు పైన తలకట్టు, గుడి; కింద ఒత్తు, దాని కింద ఇంకో ఒత్తు. ఆ గడిలో పట్టదు. కమొడోర్ బొమ్మల తెర 320 చుక్కల వెడల్పు, 200 ఎత్తు. లైనుకు 20 చుక్కలిస్తే పది లైన్లు. ఆ తెర మొత్తం 8000 బైట్లే కావడం మాత్రం కలిసొచ్చే విషయం. యూనికోడ్ తెలుగులో 8000 బైట్లంటే దాదాపు 2,700 సంకేతాలు. బొమ్మగా పంపితే ఒక తెరకు పట్టే తెలుగు అంతకన్నా చాలా తక్కువ. కాబట్టి బొమ్మ దారి బరువే, కానీ చేయలేనంత బరువు కాదు. మెకింటాష్ ప్లస్‌కైతే నలుపు తెలుపుల నిండు తెర కుదించకముందు 21,888 బైట్లు. జిఫ్‌గా కుదిస్తే అందులో ఎక్కువ భాగం తగ్గిపోతుంది, తెల్లటి ఖాళీ ఎక్కువ కాబట్టి. పేజీని సర్వర్ దగ్గరే తెలుగు ఫాంటుతో గీసి, పేరాకొక జిఫ్ చొప్పున ఇస్తే 1990ల మెక్‌లో, అమీగాలో తెలుగు వ్యాసం హాయిగా చదవచ్చు.

బొమ్మే చూపలేని యంత్రానికి మిగిలింది ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు. దానికి మనకు మంచి వారసత్వమే ఉంది. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్లు ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతిని స్థిరపరిచారు. యూజ్‌నెట్‌లో తెలుగువాళ్లు పద్యాలూ చర్చలూ రాసుకున్నది అందులోనే. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ ఆస్కీలో తప్పులేని రూపం ఉంది, తిరిగి తెలుగులోకి తేవచ్చు. ఒక చిక్కు మాత్రం చూసుకోవాలి. ఆర్‌టీఎస్‌లో చిన్నబడి, పెద్దబడి అక్షరాల తేడాతో అర్థం మారుతుంది. త, ట ఒకే అక్షరానికి చిన్న, పెద్ద రూపాలు. అన్నీ పెద్దబడే చూపించే తొలి ఆపిల్ 2 మీద ఆ తేడా చెరిగిపోతుంది. కమొడోర్‌లో కూడా బ్రౌజర్ రెండు రకాల అక్షరాలూ చూపించే మోడ్‌లో ఉండాలి.

తెలుగు సైటు నడిపేవాళ్లెవరైనా ఈ పని మొదలుపెట్టాలంటే నా సలహా ఇది. యూనికోడ్ పేజీ ఎలా ఉందో అలాగే ఉండనివ్వండి. దాని పక్కన, తాళం లేని దారిలో, ప్రతి వ్యాసానికీ ఆర్‌టీఎస్ ప్రతి ఒకటి, జిఫ్ ప్రతి ఒకటి ప్రోగ్రామ్‌తో తయారయ్యేలా పెట్టండి. జిఫ్ ట్యాగ్‌లో ఆల్ట్ రాతగా ఆ పేరా ఆర్‌టీఎస్ రూపాన్నే ఇవ్వండి. అప్పుడు అమీగాలో తెలుగు లిపి కనబడుతుంది, కమొడోర్‌లో అదే పేజీ ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగుగా దిగుతుంది, వ్యాసం రాసినవాళ్లు రెండోసారి ఏమీ రాయనక్కర్లేదు.